బరువు కనిపించింది, సీసం కనిపించలేదు: ఒక బ్యాటరీ మెకానిక్ గుండె నొప్పి కేసు

మెట్లెక్కితే ఛాతీ మీద బండ పెట్టినట్టు ఉంటోందని, రెండు నిమిషాలు ఆగితే తగ్గిపోతోందని చెబుతూ 47 ఏళ్ల వ్యక్తి మా ఓపీకి వచ్చారు. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు, నడుము చుట్టుకొలత 114 సెంటీమీటర్లు. బీఎంఐ 34.7. మన భారతీయులకు 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క, మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదు. బీపీ 172/104, అదీ మూడు రకాల మాత్రలు రోజూ వేసుకుంటుండగా. మూడు నెలల షుగర్ సగటు 7.4. రోజుకో కట్ట బీడీలు. తండ్రికి అరవై దాటాక గుండెపోటు వచ్చింది. (ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.)

ఈ అంకెలు చూస్తే ఏ డాక్టరైనా ఊబకాయం, షుగర్, బీపీ, గుండె రక్తనాళాల్లో పూడిక అని రాస్తారు. అందులో తప్పేమీ లేదు, అవన్నీ ఆయనకు ఉన్నాయి. ఆయన వెంట తెచ్చుకున్న ఫైల్లో నాలుగేళ్ల చీటీలున్నాయి. దాదాపు ప్రతిదాని చివరా 'బరువు తగ్గాలి' అని ఉంది. వృత్తి అన్న చోట ఒకటి రెండింట్లో 'వ్యాపారం' అని రాసుంది, మిగతావాటిలో ఖాళీ. ఈ కేసులో అసలు విషయమంతా ఆ ఖాళీలోనే ఉంది.

ఛాతీ బరువు కాక ఇంకా చాలా ఇబ్బందులు చెప్పారు. బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి గంటో రెండు గంటలో ఉండి పోతోంది. మలబద్ధకం. వేళ్ల కీళ్లలో, పాదం బొటనవేలి దగ్గర నొప్పులు. పొద్దున లేస్తూనే నీరసం. "ఊరికే కోపం వచ్చేస్తోంది డాక్టరు గారూ, ఇదివరకు ఇలా ఉండేవారు కాదు" అని ఆయన భార్య అన్నారు. కడుపు నొప్పికి ఎండోస్కోపీ, స్కానింగ్ అయిపోయాయి. గ్యాస్ అన్నారు, కాలేయంలో కొవ్వు ఉందన్నారు. కీళ్ల నొప్పులకు బరువు కారణమన్నారు. నీరసానికీ బరువే. బరువున్న మనిషి ఏ బాధ చెప్పినా ముందు బరువే కనిపిస్తుంది, ఆపైన వెతకడం ఆగిపోతుంది. మా వృత్తిలో ఇది రోజూ జరుగుతుంది. దీనివల్ల నష్టపోయేది రోగే.

రక్త పరీక్షల్లో నన్ను ఆపింది హిమోగ్లోబిన్: 10.2. బాగా తినే మనిషి, మాంసాహారి, మొలలు లేవు, రక్తం పోతున్న జాడ ఎక్కడా లేదు. ఆరు నెలలుగా ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా పెరగలేదు. ఫెరిటిన్ పరీక్షలో ఇనుము నిల్వలు సరిపడా ఉన్నాయి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.5, యూరిక్ యాసిడ్ 9.1, రెండూ ఎక్కువే. యూరిక్ యాసిడ్ లావుగా ఉన్నవాళ్లలో ఎక్కువే ఉంటుంది, క్రియాటినిన్‌కు బీపీ కారణం కావచ్చు. రక్తహీనతకు మాత్రం ఊబకాయం సమాధానం చెప్పదు.

రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి, రంగు వేసి, స్వయంగా చూడమని మా పాథాలజిస్టును అడిగాను. మెషీన్ ఇచ్చే రిపోర్టులో ఇది రాదు, మనిషి కన్ను పెట్టి చూడాలి. ఎర్ర రక్తకణాల్లో సన్నటి నీలి చుక్కలున్నాయని ఫోన్ చేసి చెప్పారు. దీన్ని బేసోఫిలిక్ స్టిప్లింగ్ అంటాం. థలసేమియాలోనూ ఇది కనిపిస్తుంది కాబట్టి ముందు ఆ పరీక్ష చేయించాం. మామూలుగానే ఉంది.

అప్పుడు ఆయన పని గురించి వివరంగా అడిగాను.

"బ్యాటరీల షాపండీ."

"అమ్ముతారా, రిపేరు చేస్తారా?"

"రెండూనండీ. ప్లేట్లు మార్చడం, సీసం కరిగించి పోత పోయడం, అన్నీ నా చేతుల మీదే. పద్దెనిమిదో ఏట ఆటోనగర్లో నేర్చుకున్నా. కరెంటు కోతలప్పుడు ఇన్వర్టర్ బ్యాటరీలకు ఎంత గిరాకీ అనుకున్నారు, రాత్రి పదకొండు దాకా చేసేవాళ్లం."

2012, 13 నాటి కోతలు ఇక్కడి వాళ్లందరికీ గుర్తే. అప్పుడు మన పట్టణాల్లో చాలా ఇళ్లలో ఇన్వర్టర్లు పెట్టించుకున్నారు, వాటి పాత బ్యాటరీలు విప్పి బాగు చేసే చిన్న షెడ్లు వీధికొకటి వెలిశాయి.

నోరు తెరవమన్నాను. కింది పళ్ల చిగుళ్ల అంచున నీలం కలిసిన నల్లటి సన్న గీత. బీడీల మరక అనుకుని ఎవరూ పట్టించుకోలేదు. బీడీ మరక పంటి మీద ఉంటుంది, తోమితే కొంత పోతుంది. ఇది చిగురు లోపల ఉంది, పోదు. సీసం బాగా పేరుకుని, నోటి శుభ్రత కూడా సరిగా లేని వాళ్లలోనే ఈ గీత వస్తుంది. లేనంత మాత్రాన సీసం లేదని కాదు.

షెడ్డులో ఏం జరుగుతుంది

రిపోర్టు వచ్చేలోపు ఆయన షెడ్డు చూడాలనిపించి, పని నడుస్తున్న వేళకే వెళ్లాను. రేకుల పైకప్పు, ఒక టేబుల్ ఫ్యాను, పనిచేసేది ఆయనా, ఇద్దరు కుర్రాళ్లూ. పాత బ్యాటరీ మూత కోసి, యాసిడ్ వంపేసి, లోపలి ప్లేట్లను పట్టకారుతో లాగుతారు. ప్లేట్ల మీదా, డబ్బా అడుగునా బూడిద రంగు బురద ఉంటుంది. సీసం సల్ఫేటు, సీసం ఆక్సైడు కలిసిన బురద అది. తడిగా ఉన్నంతసేపు పెద్దగా లేవదు. నేల మీద పడి ఎండిపోయాక సాయంత్రం చీపురుతో ఊడ్చినప్పుడు గదంతా పొడి లేస్తుంది. ఊడ్చే కుర్రాడు మూతికి తువ్వాలు కట్టుకున్నాడు. అంత సన్నటి పొడిని తువ్వాలు ఆపలేదు.

మూలన గ్యాస్ పొయ్యి మీద ఇనప గరిటెలో సీసం కరుగుతోంది. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి వంటింటి మంట చాలు. త్వరగా అవ్వాలని మంట పెంచి ఇంకా వేడెక్కిస్తే ఆవిరి లేస్తుంది, ఊపిరితో లోపలికి వెళ్లినదాంట్లో చాలా భాగం రక్తంలో కలిసిపోతుంది. పొయ్యికి నాలుగడుగుల దూరంలో అరమీద టిఫిన్ క్యారియర్, టీ గ్లాసులు. గ్లాసు అంచును వేలితో తుడిస్తే బూడిద రంగు అంటింది. మాట్లాడుతూనే ఆయన అవే చేతులతో బీడీ కట్ట విప్పి ఒకటి వెలిగించారు. చేతికంటిన సీసం బీడీ చివర నుంచి పెదవులకు చేరుతుంది. పొగాకులో కాడ్మియం ఉంటుంది, అదీ గుండెకు, కిడ్నీకి చేటు చేసే లోహమే.

అక్కడే ఇంకో సంగతి తెలిసింది. బరువు తగ్గమని పదే పదే చెప్పడంతో ఏడాదిన్నరగా పొద్దున టిఫిన్ మానేశారట. ఎనిమిదింటికి షెడ్డు తెరిస్తే మధ్యాహ్నం రెండింటి దాకా టీలు, బీడీలే. ఖాళీ కడుపున మింగిన సీసం, అన్నంతో పాటు వెళ్లిన సీసం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఒంటికి పడుతుంది. కడుపు నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగితే ఏడాది పైనే అయిందన్నారు. బరువు తగ్గమన్న సలహా మంచిదే. ఈయన రోజంతా సీసం మధ్య ఉంటారని తెలిసి ఉంటే ఉపవాసం మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు.

రిపోర్టు

రక్తంలో సీసం పరీక్షకు మామూలు సీరం ట్యూబ్ పనికిరాదు. రక్తంలోని సీసంలో దాదాపు 99 శాతం ఎర్రకణాల్లోనే ఉంటుంది, అందుకే గడ్డకట్టని పూర్తి రక్తం కావాలి. లోహాల పరీక్షల కోసమే తయారైన ముదురు నీలం మూత ట్యూబ్ వాడాలి. సూది గుచ్చే చోటును సబ్బునీళ్లతో కడిగి, ఆ తర్వాతే స్పిరిట్ రాయాలి. చర్మం మీది పొడి నమూనాలో పడితే రిపోర్టు చెడుతుంది. పని బట్టలతో వచ్చిన వాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. అందుకే మొదటిది ఎక్కువ వచ్చినా రెండోసారి తీసి చూశాం.

మొదటిసారి డెసిలీటరుకు 62 మైక్రోగ్రాములు, రెండోసారి 59. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల ప్రకారం 5 ఉన్నా అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలి. ఇంత వరకు ఫరవాలేదు అనే సురక్షిత హద్దు సీసానికి లేదు.

గుండె వైపు పని ఆగలేదు. ఎకోలో ఎడమ జఠరిక గోడ మందమైంది, పంపింగ్ 56 శాతం. ట్రెడ్‌మిల్ పాజిటివ్. కిడ్నీలను దృష్టిలో పెట్టుకుని సెలైన్ జాగ్రత్తలతో యాంజియోగ్రామ్ చేశాం. గుండె ముందు భాగానికి వెళ్లే ప్రధాన ధమనిలో మధ్యన 70 శాతం పూడిక, మిగతా నాళాల్లో స్వల్పంగా. స్థిరంగా ఉన్న నొప్పి, ఒకే నాళంలో పూడిక, అదీ నాళం మొదట్లో కాదు. ఇలాంటి చోట ముందు మందులతో చూడటమే సబబని నా అభిప్రాయం. 2020లో వచ్చిన ఇస్కీమియా ట్రయల్ ఐదు వేలకు పైగా రోగుల మీద చూపించింది కూడా అదే: స్థిరమైన జబ్బులో ముందుగానే స్టెంట్ లేదా బైపాస్‌కు వెళ్లినంత మాత్రాన మరణాలు తగ్గలేదు. ఆస్పిరిన్, స్టాటిన్, బీటా బ్లాకర్ మొదలుపెట్టాం. షుగర్ మందులు మార్చాం. గురక ఉందంటే నిద్ర పరీక్ష చేయించాం, ఓ మోస్తరు స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడటం) తేలింది, దానికి మెషీన్ ఇచ్చాం.

సీసం వల్లే గుండె చెడిందా?

ఆయన భార్య నన్ను సూటిగా అడిగిన ప్రశ్న ఇది. సీసం వల్లే అని నేను చెప్పలేదు. బీడీలు, షుగర్, బరువు, తండ్రి నుంచి వచ్చినది, ఇవన్నీ ఉన్న మనిషిలో వాటాలు విడదీసి చెప్పే పరీక్ష లేదు. కానీ సీసం పాత్ర లేదనడం అంతకన్నా పెద్ద పొరపాటు.

సీసం రక్తనాళం లోపలి పొరను దెబ్బతీస్తుంది. నాళం సడలడానికి కావలసిన నైట్రిక్ ఆక్సైడ్ తగ్గిపోతుంది, నాళం బిగుసుకుంటుంది. కణాల్లో కాల్షియం చేయాల్సిన పనుల్లో సీసం దూరుతుంది. కిడ్నీలను మెల్లగా పాడుచేస్తుంది, కిడ్నీ పాడైతే బీపీ ఎక్కుతుంది, ఎక్కిన బీపీ మళ్లీ కిడ్నీని తింటుంది. యూరిక్ యాసిడ్ బయటికి పోనివ్వదు, ఆయన బొటనవేలి నొప్పి గౌట్ అని తర్వాత తేలింది. రక్తహీనత సరేసరి, హిమోగ్లోబిన్‌లో భాగమైన హీమ్ తయారయ్యే దారిలో ఒక ఎంజైమ్‌ను సీసం ఆపేస్తుంది. అప్పటికే పూడిన నాళం ఉన్న గుండెకు హిమోగ్లోబిన్ 10 అంటే అందాల్సిన ఆక్సిజన్‌లో ఇంకో కోత.

బీపీ మీద సీసం ప్రభావం సగటున చిన్నదే. రక్తంలో సీసం రెట్టింపైతే పై బీపీ 1 మిల్లీమీటరు దాకా పెరుగుతుందని పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. అంత చిన్నదే అయితే పట్టించుకోవడం ఎందుకని కొందరు సహచరులు అడుగుతారు. గుండె మరణాల లెక్క వేరే కథ చెబుతోంది. అమెరికాలో 14 వేల మందికి పైగా పెద్దలను ఏళ్ల తరబడి గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనం, ఆ దేశంలో ఏటా రెండున్నర లక్షలకు పైగా గుండె, రక్తనాళాల మరణాలకు సీసం కారణమై ఉండవచ్చని అంచనా కట్టింది. వాళ్ల రక్తంలో ఉన్న సీసం మా రోగికి ఉన్నదాంట్లో పదో వంతు కూడా లేదు. ప్రపంచం మొత్తానికి 2021లో సీసం వల్ల 15 లక్షలకు పైగా మరణాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు బీపీ పెంచడం కాక సీసం గుండెకు చేసే ఇతర హానిని కూడా కలిపి 2019కి 55 లక్షలని లెక్కగట్టారు. రెండు అంకెల మధ్య చాలా తేడా ఉంది, లెక్కగట్టే పద్ధతి తేడా అది. చిన్న అంకెనే తీసుకున్నా గుండె డాక్టర్లు పక్కన పెట్టగలిగింది కాదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2023లో సీసం, కాడ్మియం, ఆర్సెనిక్‌లను గుండె జబ్బుకు ముప్పు కారకాలుగా గుర్తిస్తూ ప్రకటనే ఇచ్చింది.

ఊబకాయం సంగతి వేరు. లోహాల వల్లే లావెక్కుతామని ఇంటర్నెట్లో రాసేవాళ్లున్నారు. దానికి గట్టి ఆధారం లేదు. అమెరికా సర్వేల్లో అయితే రక్తంలో సీసం ఎక్కువున్న వాళ్ల బరువు తక్కువగా ఉన్నట్టు కూడా కనిపించింది. మా రోగి లావవడానికి అన్నం, రాత్రి పదింటి తర్వాత భోజనం, కూర్చుని చేసే పని, నిద్రలేమి చాలు. అక్కడ సీసాన్ని వెతకక్కర్లేదు. ఊబకాయం, సీసం ఒకే మనిషిలో కలిసినప్పుడు రెండూ అవే నాళాల మీద, అవే కిడ్నీల మీద పడతాయి. అందుకే ఒకటి దొరికిందని రెండోదాన్ని వదిలేయకూడదు.

వైద్యం

అన్నిటికన్నా ముందు చేయాల్సింది సీసం లోపలికి వెళ్లకుండా ఆపడం. ఇది ఆపకుండా మందు మొదలుపెడితే, పేగులోని సీసం ఇంకా ఎక్కువ పీల్చుకునే ప్రమాదం ఉంది. షెడ్డు ఆపేయమని చెప్పడం తేలిక. దాని మీద రెండు కుటుంబాలు, ఇద్దరు కుర్రాళ్లు బతుకుతున్నారు. చాలా సేపు కూర్చుని మాట్లాడుకున్నాం. చివరికి ప్లేట్ల పని, పోత పని పూర్తిగా మానేసి, కొత్త బ్యాటరీలు అమ్మడం, చార్జింగ్ పెట్టడం వరకే ఉంచారు. పాతవి విప్పకుండా రిజిస్టరైన రీసైక్లర్లకే ఇస్తున్నారు, 2001 నాటి బ్యాటరీ నిబంధనల నుంచి 2022 నిబంధనల దాకా చెబుతున్నదీ అదే. ఆదాయం బాగా తగ్గింది. ఆ సంగతి రాయకుండా ఈ వైద్యం ఫలించిందని చెప్పడం న్యాయం కాదు.

షెడ్డు నేలను తడిగుడ్డతో తుడిచి, గోడలు కడిగించాక, కడుపు నొప్పి, రక్తహీనత ఉన్నాయి కాబట్టి సక్సైమర్ అనే నోటి మందు ఇచ్చాం. కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున మొదటి ఐదు రోజులు రోజుకు మూడుసార్లు, తర్వాత 14 రోజులు రెండుసార్లు. వారం వారం రక్తకణాలు, కాలేయం పరీక్షలు చూసుకుంటూ. మన దగ్గర ఈ మందు దొరకడం కష్టం, తెప్పించుకోవడానికి సమయం పట్టింది.

కోర్సు అయ్యేసరికి సీసం 27కు దిగింది. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. మూడు వారాల తర్వాత మళ్లీ చూస్తే 38. "మళ్లీ ఎక్కడి నుంచి వచ్చింది డాక్టరు గారూ, నేను షెడ్డులో గరిటె కూడా ముట్టుకోలేదు" అని ఆయన కంగారుపడ్డారు. ఆయన చెప్పింది నిజమే. పెద్దవాళ్ల ఒంట్లోని సీసంలో 90 శాతానికి పైగా ఎముకల్లో ఉంటుంది. ముప్పై ఏళ్లుగా వేస్తూ వచ్చిన ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది అది. రక్తంలోని సీసం నెల రోజుల్లో సగమైతే ఎముకల్లోది తగ్గడానికి పది, ఇరవై, ముప్పై ఏళ్లు పడుతుంది. మందు రక్తాన్ని ఖాళీ చేస్తే ఎముక మళ్లీ నింపుతుంది. ఇది ముందే చెప్పి ఉంచకపోతే రోగి మందు మీదా, డాక్టరు మీదా నమ్మకం పోగొట్టుకుంటాడు. కడుపు నొప్పి పూర్తిగా పోయింది కాబట్టి రెండో కోర్సు ఇవ్వలేదు.

డ్రిప్పుల గొడవ

ఈ మధ్యలో ఆయన బావమరిది హైదరాబాద్ నుంచి ఒక కరపత్రం తెచ్చారు. ఆపరేషన్ లేకుండా చెలేషన్ డ్రిప్పులతో గుండె బ్లాకులు కరిగిస్తామని అందులో ఉంది. "సీసం తీసేదీ అదే మందట కదండీ. ఒక దెబ్బకు రెండు పిట్టలు" అన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు కాబట్టి ఆధారాలన్నీ వాళ్ల ముందు పెట్టాను.

చెలేషన్ అంటే లోహాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి పంపడం. గుండెపోటు వచ్చిన వాళ్లలో ఈడీటీఏ అనే చెలేషన్ మందు డ్రిప్పులు పనిచేస్తాయేమోనని అమెరికాలో 1,708 మందితో టాక్ట్ అనే ట్రయల్ చేశారు, 2013లో ఫలితాలు వచ్చాయి. నలభై డ్రిప్పులు తీసుకున్న వాళ్లలో గుండె సంబంధిత సంఘటనలు 18 శాతం తగ్గినట్టు, షుగర్ ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ తగ్గినట్టు కనిపించింది. మాలాంటి వాళ్లం ఆశ్చర్యపోయాం, ఆశపడ్డాం కూడా. అది నిజమో కాదో తేల్చడానికి షుగర్ ఉండి, గుండెపోటు వచ్చిన వెయ్యి మందితో టాక్ట్ 2 చేశారు. 2024లో ఫలితం వచ్చింది: రక్తంలో సీసం 61 శాతం తగ్గింది, గుండెపోట్లు, మరణాలు మాత్రం తగ్గలేదు. ఏళ్ల తరబడి జరిగిన నష్టాన్ని కొన్ని నెలల డ్రిప్పులు వెనక్కి తిప్పలేవని నేను దీన్ని అర్థం చేసుకుంటున్నాను. బ్లాకు కరగడం అనే మాటకైతే ఆ రెండు ట్రయల్స్‌లో ఎక్కడా ఆధారం లేదు.

ప్రమాదం కూడా ఉంది. సీసం విషానికి వాడేది కాల్షియం కలిపిన ఈడీటీఏ. కాల్షియం లేని డైసోడియం రకం పొరపాటున, వేగంగా ఎక్కితే రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోయి గుండె ఆగిపోవచ్చు. 2003, 2005 మధ్య అమెరికాలో ముగ్గురు ఇలాగే చనిపోయారు, వారిలో పిల్లలున్నారు. కొన్ని చోట్ల ముందు మందు ఎక్కించి, ఆ తర్వాత మూత్రం తీసి, చూడండి మీ ఒంట్లో ఎన్ని లోహాలో అని కాగితం చూపిస్తారు. ఆ మందిస్తే ఎవరి మూత్రంలోనైనా లోహాలు పెరుగుతాయి, ఆ అంకెను పోల్చడానికి సరైన కొలమానం లేదు. ఇవన్నీ విన్నాక బావమరిది గారు కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నారు. డ్రిప్పులకు వెళ్లలేదు.

బరువు తగ్గించడంలో తొందర లేదు

ఎముకలో ఇంత సీసం ఉన్న మనిషి వేగంగా బరువు తగ్గితే ఎముక కూడా కొంత కరుగుతుంది, దాంతో పాటు సీసం రక్తంలోకి వస్తుంది. అందుకని నెలకు కిలోకు మించి తగ్గొద్దని పెట్టుకున్నాం. ఇప్పుడు అందరూ అడిగే, బరువు తగ్గించే వారం వారం ఇంజెక్షన్ గురించి ఆయనా అడిగారు. అది గుండెకు మేలు చేస్తుందన్న ఆధారం గట్టిదే, మొదటి ఏడాది మాత్రం వద్దనుకున్నాం.

పొద్దున ఖాళీ కడుపు మానేశారు. రెండు పెసరట్లు, పల్లీలు తగ్గించిన అల్లం పచ్చడి, లేదా రాగి జావలో మజ్జిగ. మధ్యాహ్నం అన్నం సగం, పప్పు, ఆకుకూర రెట్టింపు. రాత్రి భోజనం ఎనిమిదిలోపు. పెరుగు, రాగులు, నువ్వులు కాల్షియం కోసం. కాల్షియం, ఇనుము తక్కువైన ఒంటికి సీసం ఎక్కువ పడుతుంది. కాల్వ గట్టు మీద సాయంత్రం నడక, మొదట ఇరవై నిమిషాలు, ఇప్పుడు యాభై. బీడీలు మానడానికి అన్నిటికన్నా ఎక్కువ కష్టపడ్డారు, రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టి, మూడోసారి నికోటిన్ చూయింగ్ గమ్ సాయంతో మానారు.

ఇంట్లో వాళ్లు

షెడ్డు చూసొచ్చిన రోజే ఇంటి గురించి అడగాలనిపించింది. ఆయన పని బట్టలతోనే ఇంటికి వచ్చి, అవే బట్టలతో నాలుగేళ్ల మనవణ్ణి ఎత్తుకునేవారు. ఆ బట్టలు ఇంటి బట్టలతో కలిపే ఉతికేవారు. భార్యకు 12, మనవడికి 17, షెడ్డులో ఊడ్చే 21 ఏళ్ల కుర్రాడికి 44 వచ్చింది. మనవడి రిపోర్టు చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తన గుండె గురించి విన్నప్పుడు కూడా అంత చలించలేదు. షెడ్డులో పోత పని మానేద్దామని ఆయన తేల్చుకున్నది ఆ రోజే.

పిల్లల్లో సీసం మెదడు మీద పడుతుంది. 17కు చెలేషన్ ఇవ్వం, సాధారణంగా 45 దాటితేనే. దారి మూయడం, ఇనుము, కాల్షియం చూసుకోవడం, ఎదుగుదల పరీక్షించడం, అంతే. ఇల్లంతా తడిగుడ్డతో తుడిపించాం, పరుపులు మార్పించాం, షెడ్డు చెప్పులు గుమ్మం దాటకుండా చేశాం. మన దేశంలో 27 కోట్లకు పైగా పిల్లల రక్తంలో సీసం 5 దాటి ఉంటుందని 2020లో యునిసెఫ్ అంచనా వేసింది. అదే ఏడాది డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛలతో పడిపోయినప్పుడు, రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయన్న వార్తతో కొన్ని రోజులు అందరి నోటా సీసం మాటే. తర్వాత పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమన్నారు, సీసం మాట అక్కడితో ఆగిపోయింది. షెడ్లలో అది అలాగే ఉంది.

1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో, డాక్టర్లు తప్పక తెలియజేయాల్సిన జబ్బుల్లో మొదటి పేరు సీసపు విషానిదే ఉండేది. కానీ ఆ చట్టంలో ఫ్యాక్టరీ అంటే కరెంటు వాడే చోట కనీసం పది మంది పనివాళ్లుండాల్సింది, ఆ చట్టం స్థానంలో 2025లో అమల్లోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ దాన్ని 20కి పెంచింది. ముగ్గురు పనిచేసే రేకుల షెడ్డు ఏ లెక్కలోకీ రాదు. కాబట్టి ఇలాంటి వాళ్లను పట్టుకోగలిగేది ఓపీలో కూర్చున్న డాక్టరే. బీపీ మూడు మందులకు లొంగకపోయినా, కారణం తెలియని రక్తహీనత ఉన్నా, బ్యాటరీలు, పెయింట్లు, వెల్డింగ్, పాత లోహాల పని, నగల పని, భస్మాల మందులు, వీటిలో ఏదైనా ఉందా అని అడగాలి. ఒక్క నిమిషం పని.

ఏడాది తర్వాత

బరువు 98 నుంచి 88కి వచ్చింది, నడుము 114 నుంచి 103కి. సీసం ఆరు నెలలకు 31, ఏడాదికి 24. హిమోగ్లోబిన్ 12.9. బీపీ ఇప్పుడు రెండు మందులతో 134/82. ఇందులో సీసం తగ్గడం వాటా ఎంత, బరువు, బీడీలు, నిద్ర మెషీన్ వాటా ఎంత అన్నది చెప్పలేను. నాలుగంతస్తులు ఎక్కినా ఛాతీ బరువు రావడం లేదు, స్టెంట్ అవసరం ఇప్పటిదాకా పడలేదు. క్రియాటినిన్ 1.5 దగ్గరే ఉంది. అది ఇక తగ్గుతుందన్న ఆశ నాకు లేదు, పెరగకుండా చూసుకోవాలి. చిగుళ్ల గీత కాస్త పలచబడింది.

మనవడికి 17 నుంచి 9కి దిగింది. కుర్రాడు షెడ్డు మానేసి మొబైల్ షాపులో చేరాడు, అతనికి 26. ముగ్గురికీ మూడు నెలలకోసారి రక్తం తీస్తున్నాం, పిల్లాడికి 5 లోపు వచ్చేదాకా ఆపం.